అక్కడ దొరకనిదే సంచిల పెట్టుకోండ్రి

(హనుమకొండల డిగ్రీ విద్యార్థులు, వాళ్ల అమ్మానాన్నల ముందు ఒక ప్రయాణికురాలు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసింది.)

అందరికీ నమస్తే. ముందు వరుసల కూసున్న పెద్దలకు ఇంకోసారి నమస్తే. ఇయాల్టి ముచ్చట పిల్లలకెంత అవసరమో మీకు కూడా అంతే అవసరం. పిల్లలు సంచి సదురుకుంటరు, పొద్దుగాల చూస్తే అది నాలుగు కిలోలు పెరిగి ఉంటది. ఆ నాలుగు కిలోలు ఎవరు పెట్టిన్రో ఇంటింటికీ తెల్సు. ప్రేమతోటే పెడ్తరు. ఆ ప్రేమను ఎట్ల కట్టి ఇయ్యాలెనో కూడా చెప్త.

ఈ బల్ల మీద ఉన్నది నా సంచి. వచ్చే నెల వియత్నాం పోతున్న, 24 రోజులు. సదిరిన సంచిని సదిరినట్టే తెచ్చిన. ముందు కాంటాకు తగిలిస్త, చూడుండ్రి. 6 కిలోల 800 గ్రాములు. సంచి ఉత్తదే కిలోంబావు ఉంటది. చానా విమానాలల్ల చేతి సంచికి 7 కిలోలే హద్దు. అందుకే అక్కడ ఆపిన. 24 రోజులకు ఇంతేనా అని అక్కడ ఒక తమ్ముడు అడుగుతున్నడు. ఇంతే. 4 రోజులకైనా ఇంతే, 40 రోజులకైనా ఇంతే. రోజులు పెరిగితే ఉతుకుడు పెరుగుతది, బట్టలు పెరగయి.

ఇట్ల సదురుడు నాకు మా నాయనమ్మ దగ్గర వచ్చింది. పరకాల దగ్గర మా ఊరు. రెండేండ్లకోసారి మేడారం జాతరకు ఎడ్లబండి మీద పోయేటోళ్లం. బండి ఉన్నది గదా అని నాయనమ్మ ఇల్లంతా ఎత్తకపోలే. బియ్యం, పప్పు, ఉప్పు, కారం, ఒక గిన్నె, ఒక గొంగడి. కట్టెలు తీస్కపోకపోయేది, అడవిల దొరుకుతయి. నీళ్లు జంపన్న వాగుల ఉంటయి. అమ్మవార్లకు ఇచ్చే బెల్లం జాతరల అడుగడుగునా అమ్ముతరు. గొంగడి మాత్రం ఇడిసిపెట్టకపోయేది. పరిస్తే పడక, కప్పితే దుప్పటి, చినుకులు పడ్తె నెత్తికి అడ్డం. ఆమె ఏ వస్తువు చేతికి తీసినా ఒకటే అడిగేది, "ఇది ఆడ దొరుకుతదా, దొరకదా?" నేను ఇప్పుడు హనోయ్‌కు సదిరినా, ఖాట్మండుకు సదిరినా ఆ ప్రశ్నతోటే సదురుత.

'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామి గారు 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన్రు. హైదరాబాద్, నిర్మల్ మీదుగనే పోయిన్రు, మన తొవ్వనే. డేరాలు, పల్లకి, దగ్గర దగ్గర నూరు మంది మనుషులు. మోసేటోళ్లు ఉన్నరు గనుక అట్ల పోయిన్రు. మీకు, నాకు మోసేవి మన మూపులే.

2014ల మొదటిసారి హనోయ్ పోయినప్పుడు నాతోటి 22 కిలోల చక్రాల పెట్టె ఉండె. హనోయ్ పాత బస్తీల ఫుట్‌పాత్ మీద మనుషులు నడిచే జాగ ఉండదు. బండ్లు నిలబెడ్తరు, చిన్న చిన్న స్టూళ్లు ఏసి అన్నం పెడ్తరు. పెట్టెను రోడ్డు మీద, వచ్చే పోయే బండ్ల నడుమ గుంజుకుంట పోయిన. నేను దిగిన చోట గది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, మెట్లు మనిషి వెడల్పే. పైకి పోయేసరికి అరచేయి కందిపోయింది. ఆ ప్రయాణం 15 రోజులు. ఇంటికొచ్చినంక సామానంతా మూడు కుప్పలు పోసిన: రోజూ వాడింది, ఒక్కసారి వాడింది, అసలు ముట్టనిది. ముట్టనిదే పెద్ద కుప్ప. అప్పటిసంది ప్రతి ప్రయాణం తర్వాత ఆ పని చేస్త. మీరు కూడా చెయ్యిండ్రి, రెండో ప్రయాణానికే సంచి సగమైతది.

పోకముందు చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. సదిరిన సంచి మూపుకేసుకొని పద్మాక్షి గుట్ట ఎక్కి దిగుండ్రి. మధ్యల సంచి దించి కూసోవాలె అనిపిస్తే ఇంటికొచ్చి రెండు కిలోలు తీసెయ్యిండ్రి. కొత్త బూట్లు కొంటే అవి కూడా ఏసుకొని ఎక్కుండ్రి. కొత్త బూటు కొరుకుడంతా ఇక్కడనే అయిపోవాలె, పరాయి దేశంల మడిమె బొబ్బలెక్కితే రెండు రోజులు పడకే.

ఇగ సంచి ఇప్పుతున్న. అన్నిటికంటే పైన ఉన్నది ఈ చిన్న పర్సు, కాగితాలది. దీని మీదనే ఎక్కువ సేపు మాట్లాడ్త, ఎందుకంటే ఇందులోది ఒక్కటి పోయినా అక్కడ దుకాణంల దొరకదు.

పాస్‌పోర్ట్. చానా దేశాలు, మీరు అడుగు పెట్టిన రోజు నుంచి ఇంకా 6 నెలల గడువు ఉండాలె అంటయి. నా దోస్తు ఒకామె శంషాబాద్ దాకా పోయి కౌంటర్ దగ్గర ఆగిపోయింది. గడువు ఇంకా 5 నెలలు ఉండె. టికెట్టు ఉంది, వీసా ఉంది, సెలవు ఉంది, విమానం ఎక్కనియ్యలే. అందుకని సంచి కొనక ముందు పాస్‌పోర్ట్ తెరిచి తారీఖు చూడుండ్రి. కొత్తది చేయించుకునేటోళ్లు 36 పేజీలది కాకుండ 60 పేజీలది అడుగుండ్రి, 1,500కు బదులు 2,000 అయితది. తిరగాలని ఉన్నోళ్లకు అది మంచి ఖర్చు.

పేరు. మన తెలుగోళ్లకు ఇది పెద్ద చిక్కు. పదో తరగతి మెమోల ఇంటి పేరు ఒక అక్షరమే ఉంటది, ఆధార్‌ల పూరా ఉంటది, పాస్‌పోర్ట్‌ల కొందరికి ఇంటి పేరు గడి ఖాళీగనే ఉంటది. 2022 నవంబర్‌ల యూఏఈ, ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్ట్‌కు సందర్శక వీసా మీద రానియ్యమని చెప్పింది. టికెట్టు మీద, వీసా మీద, పాస్‌పోర్ట్ మీద పేరు అక్షరం అక్షరం ఒక్క తీరుగ ఉండాలె. ఇది బయల్దేరే రోజు సరిదిద్దేది కాదు, మూడు నాలుగు నెలల ముందే చూసుకోవాలె.

వీసా కాగితం అచ్చేసి పెట్టుకోండ్రి, ఫోన్‌ల ఉన్నా సరే. వియత్నాం ఈ-వీసా ఇప్పుడు 90 రోజుల దాకా ఇస్తది, మొత్తం ఆన్‌లైన్‌లనే. దిగినంక ఫోన్ చార్జింగ్ లేకపోతే ఆ కాగితమే దిక్కు. పాస్‌పోర్ట్ నకలు రెండు: ఒకటి సంచిల వేరే అరల, ఒకటి ఇంట్ల అమ్మ దగ్గర. పాస్‌పోర్ట్ పోతే మన రాయబార కార్యాలయానికి ఉరకాలె, నకలు చేతిల ఉంటే ఆ పని తొందరగ అయితది. ఆ కార్యాలయం నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండ్రి.

ఇన్సూరెన్స్ గురించి పెద్దలకు చెప్త. యూరప్‌ల ఒక్క వీసాతోటే తిరగనిచ్చే షెంగెన్ దేశాలకు వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు బీమా చూపియ్యాలె. మిగిలిన దేశాలు అడగకపోవచ్చు, అయినా తీసుకోండ్రి. దాని మీదున్న ఫోన్ నంబరు పిల్లల దగ్గర ఉన్నట్టే మీ దగ్గర కూడా ఉండాలె.

బండి కిరాయికి తీసుకుందామని ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. మన ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్, రోడ్డు రాకపోకల మీద దేశాలు చేసుకున్న 1949 ఒప్పందం కింద వచ్చేది. వియత్నాం ఉన్నది 1968 ఒప్పందంల. అంటే మన పర్మిట్ అక్కడ చెల్లదు. దుకాణపోడు బండి ఇస్తడు, దెబ్బ తగిలితే బీమా కంపెనీ పైసలియ్యదు. వియత్నాం ఉత్తరాన ఉన్న హా జాంగ్ కొండలల్ల తిరగాలంటే బండి నడిపే మనిషితోటి మాట్లాడుకొని వెనక కూసోండ్రి. ఆ కొండలు చూడాలంటే వెనక కూసుంటేనే మంచిగ చూడొచ్చు.

ఆఫ్రికా దిక్కు, కెన్యాకో టాంజానియాకో పోయేటోళ్లు ఎల్లో ఫీవర్ టీకా వేసుకోవాలె. పోవుడుకు కనీసం 10 రోజుల ముందు. హైదరాబాద్ నారాయణగూడల ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌ల వేస్తరు. ఒక్కసారి వేసుకుంటే బతికినంత కాలం చెల్లుతది. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు లేకుండ అక్కడి నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలనే ఆపి 6 రోజుల దాకా వేరుగ ఉంచొచ్చు.

పైసలు. రెండు కార్డులు, రెండు వేరే చోట్ల. 2020ల రిజర్వ్ బ్యాంకు తెచ్చిన నియమంతోటి కొత్త కార్డులకు విదేశీ వాడకం మూసే ఉంటది, బ్యాంకు యాప్‌ల మనమే తెరవాలె. ఇది ఇంట్ల ఉండంగనే చెయ్యిండ్రి, ఎందుకంటే దానికి ఓటీపీ వస్తది, అక్కడ దిగినంక మన సిమ్ పనిచేస్తదో లేదో. అక్కడ కార్డు గీకినప్పుడు మిషన్ అడుగుతది, రూపాయలల్ల కట్టాల్నా, వాళ్ల పైసలల్ల కట్టాల్నా అని. వాళ్ల పైసలే ఒత్తుండ్రి. రూపాయలు ఒత్తితే మారకం ధర వాళ్లు పెట్టిందే అయితది, ఎక్కువ పడ్తది. కొన్ని డాలర్ నోట్లు దగ్గర ఉంచుకోండ్రి. కొత్తవి, మడత లేనివి. కంబోడియా లాంటి చోట్ల కొంచెం చినిగిన డాలరు కూడా తీసుకోరు.

రెండో పర్సు, గోలీలది. రోజూ వేసుకునే మందులు ప్రయాణం రోజులకు సరిపడా, ఇంకో వారానికి ఎక్కువ. డాక్టరు చీటీల మందు అసలు పేరు రాయించుకోండ్రి, కంపెనీ పేరు అక్కడోళ్లకు తెల్వది. గోలీలు వాటి అట్టలోనే ఉండాలె, కత్తిరించి కవర్ల పోస్తే అవి ఏంటివో ఎవరూ చెప్పలేరు. జ్వరానికి పారాసిటమాల్, నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు, బొబ్బలకు పట్టీ, దోమల మందు. కళ్లద్దాలు పెట్టుకునేటోళ్లు ఇంకో జత.

ఈ గోలీల కాడ ఆగి ఒక మాట చెప్పాలె, నవ్వకుండ వినుండ్రి. మన దిక్కు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ పోయేటోళ్లు ఎంతమంది ఉన్నరో మీకు తెల్సు. ఎవరన్నా పోతున్నరంటే ఊరోళ్లు వచ్చి "మా తమ్మునికి ఈ పొట్లం ఇయ్యి బిడ్డా" అంటరు. కాదనుడు కష్టం. కాని ఆ పొట్లంల ఏముందో దానికి మీరే బాధ్యులు. ట్రామడాల్, కొడీన్ లాంటి మందులు ఇక్కడ డాక్టరు రాస్తే దొరుకుతయి. యూఏఈల ముందు అనుమతి లేకుండ అవి దగ్గర దొరికితే జైలు దాకా పోవచ్చు. గసగసాలు మన మసాల డబ్బాల ఉండే దినుసు, అక్కడ మత్తుపదార్థం లెక్క, నిషేధం. ఒక స్పూనైనా నిషేధమే. జపాన్‌ల సూడోఎఫెడ్రిన్ 10 శాతం కంటే ఎక్కువున్న జలుబు మందులు రానియ్యరు. అందుకని ఎవరన్నా పొట్లం తెస్తే వాళ్ల ముందటనే ఇప్పుండ్రి, ఒక్కొక్కటి చూడుండ్రి. కుట్టేసిన డబ్బా, అతికించిన డబ్బా తీసుకోవద్దు. పెద్దనాన్నైనా సరే, "నేను తీస్కపోను పెద్దనాన్నా" అని దండం పెట్టి చెప్పుండ్రి. తర్వాత ఆయనకే సమజైతది.

ఇగ తిండి. అమ్మలు దీనికోసమే చూస్తున్నరు.

పచ్చడి ముద్దగ ఉంటది గనుక విమానాశ్రయంల దాన్ని ద్రవం లెక్కనే చూస్తరు. 2006 ఆగస్టుల లండన్ నుంచి పోయే విమానాలను ద్రవ పేలుడు పదార్థాలతోటి పేల్చాలన్న కుట్ర బయటపడ్డది, ఆ తర్వాత వచ్చిందే ఈ 100 మిల్లీలీటర్ల హద్దు. చేతి సంచిల ఏ సీసా 100 దాటొద్దు, అన్ని కలిపి లీటరు పట్టే పారదర్శక కవర్ల పట్టాలె. సరే, పెద్ద పెట్టెల పెడ్తం అంటే ఇంకో సంగతి. విమానం పైకి పోయినంక లోపలి గాలి ఒత్తిడి ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నంతకు తగ్గుతది. సీసా లోపలి గాలి ఉబ్బి నూనెను మూత సందుల నుంచి బయటికి నూకుతది. బట్టలన్నీ మామిడికాయ వాసన. కుడుకలు ఇస్తరు కొందరు, ప్రసాదమని. ఎండు కొబ్బరిల నూనె ఎక్కువ, అంటుకునే వస్తువని చెక్-ఇన్ సామాన్ల పెట్టనియ్యరు.

మరి ఏం పెట్టాలె? పొడులు పెట్టుండ్రి అమ్మా. పల్లి పొడి, నువ్వుల పొడి, కరివేపాకు పొడి, ఒక్కోటి 100 గ్రాములు. అన్నం ఆసియాల ఎక్కడైనా దొరుకుతది. వేడి అన్నంల పల్లి పొడి కలుపుకుంటే ఎంత దూరం పోయినా ఇంట్ల కూసున్నట్టే ఉంటది. ఏంచిన రవ్వల తాలింపు కలిపి పెడ్తె, వేడి నీళ్లు పోస్తే ఉప్మా. చానా హాస్టళ్లల్ల కెటిల్ ఉంటది. సకినాలు పెట్టాలని అందరికీ ఉంటది, కవర్ల పెడ్తె దిగేసరికి పిండైతయి. స్టీలు డబ్బాల కాగితం పరిచి గట్టిగ పేర్చుండ్రి, పది చాలు. ఇవి హాస్టల్‌ల పంచితే దోస్తానా అక్కడనే మొదలైతది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పోయేటోళ్లు మాత్రం తిండి వస్తువు ఏది ఉన్నా ఫారంల "ఉంది" అని రాయాలె. రాస్తే చూసి ఇస్తరు, లేదంటే తీసుకుంటరు. రాయకపోతే జరిమానా.

మాంసం తిననోళ్లకు: వియత్నాంల కూరగాయల కూరల కూడా చేపల నీళ్లు పోస్తరు. "ఆన్ చాయ్" అని అడుగుండ్రి, శాకాహారం అని. ఆ రెండు మాటలు కాగితం మీద వాళ్ల లిపిల రాయించుకొని పెట్టుకుంటే ఇంకా మంచిది.

బట్టలు తొందరగ చెప్త. మూడు అంగీలు, రెండు ప్యాంట్లు, ఒక రాత్రి జత, నాలుగు జతల లోపలివి, రెండు జతల సాక్సులు, ఒక పల్చటి వాన కోటు. ఒంటి మీదున్న జత కూడా ఇందులనే. జీన్స్ ఒద్దు. తడిస్తే రెండు రోజులు ఆరది, బరువు కూడా. చలి దేశమైతే ఒక్క మందపు కోటు కంటే మూడు పల్చటి పొరలు మేలు: ఒంటికి అంటుకునేది ఒకటి, ఉన్నిది ఒకటి, గాలి, వాన ఆపేది ఒకటి. పొరల మధ్యల నిలిచిన గాలే వెచ్చదనం. నేపాల్‌ల అన్నపూర్ణ బేస్ క్యాంప్ 4,130 మీటర్ల ఎత్తు, అక్కడ కూడా ఈ మూడు పొరలతోటే పడుకున్న, లాడ్జిల రగ్గు ఇచ్చిన్రు.

తువ్వాల మాత్రం ఇక్కడిదే. మందపు టర్కీ తువ్వాల అర కిలో ఉంటది, ఆరది. ఈ నేత తువ్వాల చూడుండ్రి, గాలికి గంటల ఆరుతది. ఒళ్లు తుడుచుకోవచ్చు, బస్సుల కప్పుకోవచ్చు, ఎండకు నెత్తికి చుట్టుకోవచ్చు, గుడిల మోకాళ్లు కప్పుకోవచ్చు, హాస్టల్ మంచానికి అడ్డం కట్టుకోవచ్చు. నాయనమ్మ గొంగడి జాగల నాకు ఇది.

కరెంటు సామాను. పవర్ బ్యాంకు చేతి సంచిలనే ఉండాలె, పెద్ద పెట్టెల పెట్టొద్దు. లిథియం బ్యాటరీ అంటుకుంటే మనుషుల నడుమ ఉంటే ఆర్పొచ్చు, సామాన్ల కింద ఉంటే తెల్వనే తెల్వది. 2025 జనవరిల దక్షిణ కొరియాల గిమ్హే విమానాశ్రయంల లేవబోయే విమానమే కాలిపోయింది. పవర్ బ్యాంకు నుంచే మొదలై ఉంటదని దర్యాప్తుల చెప్పిన్రు. అదృష్టం, అందరూ బయటపడ్డరు. హద్దు 100 వాట్-అవర్లు, అంటే బ్యాటరీల ఎంత కరెంటు పడ్తదో ఆ లెక్క. మీ దాని మీద 20,000 ఎంఏహెచ్ అని ఉంటే దాన్ని వెయ్యితోటి భాగించి, బ్యాటరీ 3.7 వోల్టులతోటి గుణిస్తే 74 అయితది, భయం లేదు. అంకెలు చెరిగిపోయినదైతే తీసుకపోవద్దు, గుంజుకుంటరు. మన మూడు గుండ్రటి పుల్లల ప్లగ్గు బ్రిటన్‌ల పట్టది, అమెరికాల పట్టది, ఆస్ట్రేలియాల పట్టది. అన్నిటికీ పట్టే అడాప్టర్ ఒక్కటి కొంటే చాలు.

ఇగ ఇది. ప్లాస్టిక్ మగ్గు కాదు, మడతబడే సిలికాన్ మగ్గు. యూరప్‌ల చానా టాయిలెట్లల్ల కాగితమే ఉంటది, నీళ్లుండయి. ఇది చెప్పుడు సిగ్గనుకుంటరు, అందుకే ఎవరూ చెప్పరు, పోయినోళ్లు ఇబ్బంది పడ్తరు. ఇది 80 గ్రాములు. లేకపోతే ఒక ఖాళీ నీళ్ల సీసా చాలు.

(ఇక్కడ వెనక వరుసల నుంచి ఒక తల్లి అడిగింది: "ఆడపిల్లను ఒక్కదాన్ని పంపుతే ఏం కట్టియ్యాలె అక్కా?")

మంచిగ అడిగినవ్ చెల్లే. నేను మొదటిసారి పోయినప్పుడు మా అమ్మ కూడా ఇదే అడిగింది. ఒక చిన్న తాళం, హాస్టల్ లాకర్లకు. తలుపు కింద పెట్టే రబ్బరు చీల, ఇగో ఇది, లోపలి నుంచి పెడ్తె తలుపు తెరుచుకోదు. మెడల ఒక విజిల్. నెలసరి సామాను నువ్వు అలవాటు చేసినదే పెట్టు, అక్కడ దొరికేది వేరే తీరుగ ఉండొచ్చు. నెలసరి కప్పు వాడే పిల్లయితే ఇంకా తేలిక, కాని ఇక్కడ మూడు నెలలు వాడి అలవాటు పడ్డంకనే. మొదటి రాత్రికి గది ముందే బుక్ చెయ్యాలె, పొద్దుండంగ దిగే విమానమే తీసుకోవాలె. అంతకంటే ముఖ్యం, రోజుకు ఒక టైం పెట్టుకోండ్రి. రాత్రి తొమ్మిదింటికి ఒక్క మెసేజ్. పొద్దంతా ఫోన్లు చెయ్యకు, బిడ్డ తొవ్వ చూసుకుంట నడవాలె. తొమ్మిదిన్నర దాటితే నువ్వు ఎవరికి ఫోన్ చెయ్యాలెనో ఆ నంబర్లు ఒక కాగితం మీద రాసి దేవుని అర్రల అంటించు. హాస్టల్ నంబరు, బీమా నంబరు, రాయబార కార్యాలయం నంబరు. మా అమ్మ దగ్గర ఆ కాగితం ఉండేది. ఒక్కసారి కూడా వాడే అవసరం రాలే, కాని అది ఉన్నదని ఆమె నిద్రపోయేది.

సబ్బు, షాంపూ, గొడుగు, చెప్పులు, టీషర్టులు, ఇవేవీ సంచిల లేవు, చూస్తున్నరు గదా. అన్నీ అక్కడ దొరుకుతయి, చానా చోట్ల మనకంటే సస్తా.

ఇప్పుడు మళ్ల సదురుత. బరువున్నవి వీపుకు ఆనేటట్టు, నడిమిట్ల. బట్టలు కింద. వాన కోటు అన్నిటికంటే పైన, సంచి మొత్తం ఇప్పకుండనే అందాలె. అయిపోయింది. ఎవరన్నా ఒకరు ముందటికి రాండ్రి, ఏసుకొని చూడుండ్రి. నువ్వు రా చెల్లే. ముందు నడుము బెల్టు పెట్టుకో, నడుము మీద కాదు, తుంటి ఎముక మీద. గట్టిగ బిగియ్యి. ఇప్పుడు మూపు పట్టీలు గుంజు. బరువు తుంటి మీదికి దిగింది గదా? ఇగ ఆ వెనక తలుపు దాకా నడిచి, మెట్లు దిగి ఎక్కి రా. నీ తర్వాత మీ అమ్మను కూడా ఏసుకోమను.